హెడ్ ఆఫీసు దుబాయ్ వెళ్ళింది సరే, అసలు వెళ్ళింది ఏంటి?

మీరు అడిగిన దాంట్లో నాకు మూడు ప్రశ్నలు కనిపించాయి. 2007లో హాలిబర్టన్ అనే అమెరికా కంపెనీ హెడ్ ఆఫీసు దుబాయ్‌కి మారిస్తే అంత గొడవ ఎందుకైంది, అలా వెళ్ళి ట్యాక్సులూ కేసులూ తప్పించుకున్నారా అన్నది మొదటిది. మీ బావగారు అమెరికాలో పనిచేసే కంపెనీ వేరే కంపెనీతో కలిసి ఐర్లాండ్ కంపెనీ అయిపోతుందట, ఉద్యోగం పోతుందేమో అని ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారు, పడాలా అన్నది రెండోది. మన స్టార్టప్‌లు సింగపూర్ నుంచి తిరిగి రావడం కూడా ఇలాంటిదేనా అన్నది చివరిది. మీరు సీఏ ఇంటర్ చదువుతున్నా అన్నారు కాబట్టి కొంచెం లోతుగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను గుంటూరులో సీఏ చేసి 1998లో హ్యూస్టన్ వచ్చాను, ఇరవై ఏళ్ళకి పైగా ఆయిల్‌ఫీల్డ్ సర్వీసెస్ కంపెనీల ట్యాక్స్ డిపార్ట్‌మెంట్లలోనే గడిచింది. హాలిబర్టన్‌లో ఎప్పుడూ పనిచేయలేదు, కానీ ఇలాంటి మార్పు ఒకటి ఇంకో కంపెనీలో లోపల కూర్చుని చూశాను, దాని గురించి కింద చెప్తాను, ఎందుకంటే ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ముందు ఒక్క మాట క్లియర్ చేసుకుందాం. ఒక మనిషిని మీది ఏ ఊరండీ అని అడిగితే పుట్టిన ఊరు చెప్పొచ్చు, ఓటున్న ఊరు చెప్పొచ్చు, కాపురం ఉంటున్న ఊరు చెప్పొచ్చు, మూడూ వేరువేరు కావచ్చు కదా. కంపెనీ కూడా అంతే. రిజిస్టర్ అయిన దేశం ఒకటి, పన్ను కోణంలో ఏ దేశపు రెసిడెంట్ అన్నది ఇంకొకటి, సీఈఓ, బోర్డు కూర్చుని నడిపే చోటు మరొకటి. పేపర్లో "హెడ్ ఆఫీసు తరలింపు" అని ఒక్క హెడ్డింగ్ పెడతారు గానీ ఈ మూడింట్లో ఏది కదిలిందో చెప్పరు. ఏది కదిలిందో తెలిస్తే మీ మూడు ప్రశ్నలకీ జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక హాలిబర్టన్. 2007 మార్చి 11, ఆదివారం, ఆ ఏడాది మాకు గడియారాలు గంట ముందుకి జరుపుకునే రోజు కూడా అదే, అందుకే బాగా గుర్తు. బహ్రెయిన్‌లో ఒక ఎనర్జీ కాన్ఫరెన్సులో వాళ్ళ సీఈఓ డేవిడ్ లెసార్ నిలబడి, దుబాయ్‌లో కార్పొరేట్ హెడ్ ఆఫీసు తెరుస్తున్నాం, నేను కూడా అక్కడికే మారుతున్నా అని చెప్పాడు. ఆ రోజు సాయంత్రం పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్తే క్యాంటీన్‌లో ప్రసాదాల దగ్గర కూడా అదే మాట, ఎందుకంటే ఈ ఊళ్ళో మన ఇళ్ళలో ప్రతి మూడో ఇంట్లో ఎవరో ఒకరు ఆయిల్ కంపెనీకో, వాటికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీకో పని చేస్తుంటారు, హాలిబర్టన్ వెళ్ళిపోతే రేపు మనదీ వెళ్ళిపోతుందేమో అని భయం.

ఆ కంపెనీ 1919లో ఓక్లహోమాలో డంకన్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది, ఆయిల్ బావులకి సిమెంటు పోసే పనితో. తర్వాత డల్లాస్, అక్కడి నుంచి 2003లో హ్యూస్టన్. అప్పుడు ఊరు మారితే ఎవరికీ కోపం రాలేదు. మరి 2007లో ఎందుకొచ్చింది అంటే, 1995 నుంచి 2000 దాకా ఆ కంపెనీ సీఈఓ డిక్ చెనీ, ఆ తర్వాత ఆయనే అమెరికా ఉపాధ్యక్షుడు, ఆ తర్వాత ఇరాక్ యుద్ధం. సైన్యానికి వండి పెట్టడం, బట్టలు ఉతకడం, క్యాంపులు కట్టడం లాంటి పనులన్నీ హాలిబర్టన్ కింద ఉన్న కేబీఆర్ అనే సబ్సిడరీ చేసేది, ఇరాక్ ఆయిల్ బావులు బాగుచేసే కాంట్రాక్ట్ అయితే పోటీ టెండర్ లేకుండానే వచ్చింది. దాని మీద ఏళ్ళ తరబడి జనం మండిపడుతూనే ఉన్నారు. 2006 నవంబర్లో చెనీకి ప్రత్యర్థి పార్టీ అయిన డెమోక్రాట్లు కాంగ్రెస్ గెలిచారు, ఎంక్వైరీలు వేసే అధికారం వాళ్ళ చేతికొచ్చి రెండు నెలలే. దానికి తోడు అంతకుముందు ఏడాదే దుబాయ్ పోర్ట్స్ వరల్డ్ అనే కంపెనీ అమెరికా పోర్టుల నిర్వహణ తీసుకోబోతే దేశమంతా రచ్చయి వెనక్కి తగ్గాల్సి వచ్చింది, అంటే దుబాయ్ అనే పేరు వింటేనే అప్పట్లో ఇక్కడ ఒళ్ళు మండేది. ఇన్ని కట్టెలు ఎండి సిద్ధంగా ఉన్నప్పుడు ఆయన వెళ్ళి అగ్గిపుల్ల గీశాడన్నమాట.

హిల్లరీ క్లింటన్ అప్పటికి అధ్యక్ష పదవి రేసులో ఉన్నారు, ఇది సిగ్గుచేటు అన్నారు. వెర్మాంట్ సెనేటర్ పాట్రిక్ లేహీ అయితే సైనికులకీ పన్ను కట్టే జనానికీ ఇది అవమానం అన్నారు. కాంగ్రెస్ దిగువ సభలో ప్రభుత్వ ఖర్చుల మీద నిఘా పెట్టే ఓవర్‌సైట్ కమిటీ ఛైర్మన్ హెన్రీ వాక్స్‌మన్ ఎంక్వైరీ మాట ఎత్తారు. ఇంకో పుకారు కూడా గట్టిగా నడిచింది, అమెరికాకీ యూఏఈకీ మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందం లేదు కాబట్టి కేసుల నుంచి పారిపోవడానికే అని. ఒప్పందం లేని మాట నిజమే, కానీ దాని నుంచి లాగిన ముగింపు తప్పు, ఎందుకో చెప్తాను.

కంపెనీ వైపు మాట ఏంటంటే 2006లో మా ఆయిల్‌ఫీల్డ్ ఆదాయం సుమారు 13 బిలియన్ డాలర్లు, అందులో 38 శాతానికి పైగా తూర్పు అర్ధగోళం నుంచి వచ్చింది, సౌదీ లాంటి దేశాల ప్రభుత్వ ఆయిల్ కంపెనీలే రేపటి కస్టమర్లు, వాళ్ళ దగ్గర ఉండాలి, కానీ మేం డెలావేర్ రాష్ట్రంలో రిజిస్టర్ అయిన అమెరికా కంపెనీగానే ఉంటాం, హ్యూస్టన్ ఆఫీసు ఉంటుంది, ట్యాక్స్ కూడా ఇక్కడే కడతాం అని. అప్పట్లో ఈ చివరి ముక్క ఎవరూ నమ్మలేదు, మా ఆఫీసులో ట్యాక్స్ వాళ్ళం మాత్రం నమ్మాం. నమ్మడానికి వాళ్ళ మీద ప్రేమ అక్కర్లేదు, చట్టం తెలిస్తే చాలు.

అమెరికాలో ఒక కంపెనీ పన్నుకి సంబంధించి అమెరికాదా కాదా అనేది ఎక్కడ రిజిస్టర్ అయిందన్న ఒక్క దాని మీదే తేలుతుంది. సీఈఓ దుబాయ్‌లో కూర్చున్నా డంకన్‌లో కూర్చున్నా లెక్క మారదు. డెలావేర్ కాగితం ఉన్నంతకాలం ప్రపంచం మొత్తం మీద సంపాదన ఐఆర్ఎస్, అంటే అమెరికా ఆదాయపు పన్ను శాఖ పరిధిలోనే. ఆఖరికి ఆ సీఈఓ సొంత జీతం కూడా, అమెరికా పౌరుడు ఎక్కడ ఉన్నా అమెరికాకి పన్ను కట్టాల్సిందే, విదేశాల్లో సంపాదిస్తే 2007లో ఇచ్చిన మినహాయింపు 85,700 డాలర్లు, అంత పెద్ద కంపెనీ సీఈఓ జీతంలో అది ఏ మూలకి. కాబట్టి హాలిబర్టన్ విషయంలో కదిలింది కుర్చీ మాత్రమే.

కేసులు తప్పించుకున్నారా అంటే జరిగింది చూడండి. నైజీరియాలో బోనీ ఐలండ్ అనే చోట గ్యాస్ ప్లాంటు కాంట్రాక్టుల కోసం కేబీఆర్ భాగస్వామిగా ఉన్న గ్రూపు అక్కడి అధికారులకి కోట్ల డాలర్ల లంచాలు ఇచ్చింది, ఇదీ అప్పటికి నడుస్తున్న పెద్ద కేసు. దుబాయ్ వెళ్ళిన రెండేళ్ళకి, 2009 ఫిబ్రవరిలో కేబీఆర్ నేరం ఒప్పుకుంది, 402 మిలియన్ డాలర్ల జరిమానా పడింది, అప్పటికి కేబీఆర్ విడిపోయినా పాత ఒప్పందం ప్రకారం అందులో 382 మిలియన్లు హాలిబర్టనే కట్టింది. అది కాక షేర్ మార్కెట్‌ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎస్ఈసీకి ఇంకో 177 మిలియన్లు. కేబీఆర్‌ని నడిపిన ఆల్బర్ట్ జాక్ స్టాన్లీకి 2012లో 30 నెలల జైలు. తర్వాత 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే ఆయిల్ రిగ్గు పేలిపోయి 11 మంది చనిపోయారు, ఆ బావికి సిమెంటు పోసింది హాలిబర్టనే, సాక్ష్యం చెరిపేసినందుకు 2013లో నేరం ఒప్పుకుంది, 2014లో సుమారు 1.1 బిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఇవన్నీ అమెరికా కోర్టుల్లోనే, అమెరికా చట్టం కిందే. కుర్చీ దుబాయ్‌లో ఉండటం వల్ల ఒక్క సమన్లు కూడా ఆగలేదు.

అలాగని జనం కోపం తప్పు అని నేను అనను. యుద్ధం కాంట్రాక్టులతో వేల కోట్లు వచ్చిన కంపెనీ, ఇంకా ఇరాక్‌లో కుర్ర సైనికులు చచ్చిపోతుండగానే, మా పెద్దాయన ఇక ఇక్కడ ఉండడు అంటే బాధ కలగదా. మా పక్కింటి పెద్దాయన కొడుకు అప్పుడు ఫల్లూజా దగ్గర ఉన్నాడు, ఆయన ఆ వార్త చూసి టీవీ ఆపేసి బయటకొచ్చి గడ్డి కోసుకుంటూ గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నా బాధ ఏంటంటే, అదే కోపం నిజంగా పన్ను కోల్పోయిన చోట రాలేదు.

అదే హ్యూస్టన్‌లో, ఐదేళ్ళ ముందు, 2002లో, కూపర్ ఇండస్ట్రీస్, నేబర్స్, వెదర్‌ఫర్డ్, మూడు కంపెనీలు కొన్ని వారాల తేడాతో, అప్పట్లో కంపెనీ పన్నే లేని బెర్ముడా దీవుల కంపెనీలుగా మారిపోయాయి. కుర్చీలు ఎక్కడివక్కడే. పార్కింగ్ లాట్‌లో ఒక్క కారు తగ్గలేదు. మారింది రిజిస్ట్రేషన్ కాగితం, దాంతో అమెరికా ఖజానాకి వచ్చే పన్ను. పేపర్లలో రాశారు, కాంగ్రెస్‌లో కొందరు అరిచారు, కానీ హాలిబర్టన్ మీద రేగిన గొడవతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు, ఎందుకంటే విమానం ఎక్కే సీఈఓ ఫొటో టీవీలో చూపించొచ్చు, కాగితం మారితే ఏం చూపిస్తారు. దీన్నే ఇన్వర్షన్ అంటారు, పిల్ల కంపెనీ తల్లిగా, తల్లి పిల్లగా తిరగబడటం. మొదట చేసింది మెక్‌డర్మట్, 1980ల మొదట్లో, పనామాకి.

ఒక్కచోట మాత్రం జనం గెలిచారు, అది చెప్పకపోతే అన్యాయం. కనెక్టికట్‌లో న్యూ బ్రిటన్ అనే ఊరు, స్టాన్లీ వర్క్స్, అదే సుత్తులూ టేపులూ స్క్రూడ్రైవర్లూ చేసే స్టాన్లీ, 1843 నుంచి ఆ ఊళ్ళోనే ఉంది. 2002లో బెర్ముడా వెళ్తాం, ఏడాదికి సుమారు 30 మిలియన్ డాలర్లు మిగులుతాయి అన్నారు. మే నెలలో వాటాదారుల ఓటింగ్‌లో కావాల్సిన మూడింట రెండొంతులు బొటాబొటిగా దాటింది. తీరా చూస్తే ఉద్యోగుల 401కె, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతాల్లో ఉన్న షేర్లకి ఓటు వేయకపోతే దాన్ని ఎలా లెక్కేస్తారో ఒకదానికొకటి పొంతన లేని రెండు నోటీసులు పంపారు. యూనియన్ వాళ్ళు పట్టుకున్నారు, రాష్ట్ర అటార్నీ జనరల్ రిచర్డ్ బ్లూమెంథాల్ కోర్టుకెళ్ళాడు, ఓటింగ్ రద్దయింది, ఆగస్టులో కంపెనీయే ప్లాన్ మానుకుంది. ఆ షేర్లు సుత్తులు తయారుచేసే కార్మికులవి. మీరు రేపు ఆడిటర్ అయ్యాక నోటీసుల భాష చదవడానికి బద్ధకించకండి, అంత పెద్ద కంపెనీని ఒక నోటీసు ఆపింది.

ఇన్వర్షన్‌లో పన్ను ఎలా తగ్గుతుంది అంటే, 2018కి ముందు అమెరికాలో కార్పొరేట్ రేటు 35 శాతం, ఐర్లాండ్‌లో 12.5. తల్లి కంపెనీ ఐర్లాండ్‌ది అయ్యాక అమెరికా పిల్ల కంపెనీకి అప్పు ఇస్తుంది. పిల్ల లాభం 100 అనుకోండి, తల్లికి వడ్డీ 60 కట్టాననుకోండి, అమెరికాలో పన్ను 40 మీదే పడుతుంది, ఆ 60 పన్ను తక్కువున్న చోట తేలుతుంది. మన వైపు రైస్ మిల్లు లాభం తగ్గించడానికి బామ్మర్ది పేరు మీద అప్పు రాసుకుని వడ్డీ చూపిస్తారు చూడండి, సూత్రం అదే, ఇక్కడ లాయర్లు ఎక్కువ. హద్దులు ఉండేవి, ఉన్నా జరిగేది. పైగా విదేశాల్లో సంపాదించి అక్కడే ఉంచేసిన డబ్బు ఇంటికి తెస్తే పన్ను, కాబట్టి ఇల్లే మార్చేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన.

2004లో సెక్షన్ 7874 తెచ్చారు. పాత వాటాదారులకి కొత్త విదేశీ కంపెనీలో 80 శాతం లేదా ఎక్కువ ఉంటే మీరు ఇంకా అమెరికా కంపెనీయే పొండి అని. దాంతో ఉత్త కాగితం మార్పు పని చేయడం మానేసింది, నిజంగా ఒక పెద్ద విదేశీ కంపెనీని కొని కలుపుకోవాలి. 2014లో ఆ వరసే నడిచింది, బర్గర్ కింగ్ కెనడా వెళ్ళి టిమ్ హార్టన్స్‌తో కలిసింది, మినెసోటా రాష్ట్రంలో మినియాపోలిస్ దగ్గరి వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఉన్న కొవిడియన్‌ని కొనడానికి సిద్ధమైంది. ఒబామా ఆ జూలైలో లాస్ ఏంజిలెస్‌లో మాట్లాడుతూ ఇది చట్టబద్ధమే కావచ్చు, అయినా తప్పే అన్నారు. వాల్‌గ్రీన్స్ స్విట్జర్లాండ్ వెళ్ళాలా వద్దా అని ఊగి ఊగి ఆగస్టులో వెళ్ళం అని ప్రకటించింది, ఆ ఒక్కరోజే షేరు 14 శాతం పడింది, అంటే ఊరి మందుల షాపుగా జనంలో ఉన్న పేరు కాపాడుకుంటే మార్కెట్ శిక్ష వేసిందన్నమాట. ఆఖరికి 2016 ఏప్రిల్ 4న ట్రెజరీ, అంటే అమెరికా ఆర్థిక శాఖ, కొత్త రూల్స్ ఇచ్చింది, రెండు రోజులకే మందుల కంపెనీలు ఫైజర్, అలర్గన్ 160 బిలియన్ డాలర్ల విలీనం రద్దయింది, ఫైజర్ 150 మిలియన్లు ఖర్చుల కింద ఇచ్చి బయటపడింది. ఆ తర్వాత 2018 నుంచి రేటు 21కి తగ్గింది, అప్పటి నుంచి ఈ ఆకర్షణ చాలావరకు పోయింది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మెడ్‌ట్రానిక్ 2015 జనవరిలో ఐరిష్ కంపెనీ అయింది, కానీ నడిపే ఆఫీసు మినెసోటాలోనే ఉంది. ఐర్లాండ్ కంపెనీ అయ్యాకే మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఇంజనీరింగ్ సెంటర్ పెంచుకుంది, 2023లో ఇంకో 3,000 కోట్లు పెడతామంది. అంటే రిజిస్ట్రేషన్ ఒక దేశం, పెత్తనం ఒక దేశం, పని ఇంకో దేశం. రిజిస్ట్రేషన్ మారడం వల్ల మీ బావగారి సీటు కదలదు. ప్రమాదం వస్తే విలీనం వల్ల వస్తుంది, రెండు కంపెనీలు కలిసినప్పుడు రెండు అకౌంట్స్ టీములు, రెండు ఐటీ టీములు ఎందుకు అంటారు చూడండి, అక్కడ. కాబట్టి దేశం పేరు చూసి కాదు, ఆయన చేసే పని అవతలి కంపెనీలో కూడా ఎవరైనా చేస్తున్నారా అన్నది చూసుకోమనండి.

ఉద్యోగం కంటే నేను భయపడే విషయం వేరే ఉంది, దాని గురించి ఏ పేపరూ మొదటి పేజీలో రాయదు. ఇన్వర్షన్ జరిగినప్పుడు మామూలుగా పాత అమెరికా షేరు ఇచ్చి కొత్త విదేశీ షేరు తీసుకున్నట్టు లెక్క. సాధారణంగా షేరుకి షేరు మారితే పన్ను ఉండదు, ఇక్కడ మాత్రం 1990ల నుంచి రూల్ వేరు, అమ్మినట్టే లెక్క, లాభం మీద పన్ను వెంటనే. చేతికి రూపాయి రాదు, పన్ను మాత్రం కట్టాలి.

2010 తర్వాత నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు చెప్పను, ఇలాంటి మార్పు జరిగింది. ఉద్యోగులకి పంపే ప్రశ్న జవాబుల కాగితం తయారుచేసిన టీములో నేనున్నాను. అందులో పన్ను గురించి ఒక్క పేరా, చివర్లో మీ ట్యాక్స్ అడ్వైజర్‌ని సంప్రదించండి అని. మా ఫ్లోర్‌లో ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవారు, పద్నాలుగేళ్ళుగా జీతంలోంచి కొంచెం కొంచెం కోయించుకుని కంపెనీ షేర్లు కొన్నారు, కూతురు కాలేజీ కోసం. లెక్క గుండ్రంగా చెప్తాను, 2,000 షేర్లు, సగటున 18 డాలర్లకి కొన్నవి, మార్పు రోజు ధర 62. లాభం 88,000, దాని మీద 15 శాతం అంటే 13,200 డాలర్లు. ఆయన ఒక్క షేరూ అమ్మలేదు. తర్వాతి ఏడాది మార్చిలో బ్రోకర్ ఫారం పట్టుకుని నా క్యూబికల్‌కి వచ్చి, అన్నా ఇది తప్పు పడింది కదా, నేను అమ్మలేదు కదా అన్నారు. తప్పు పడలేదు అని చెప్పాల్సింది నేనే. చివరికి రెండొందల పైచిలుకు షేర్లు అమ్మి కట్టారు.

పెద్దవాళ్ళ సంగతి చూడండి. 2004 చట్టమే, వాటాదారులకి నొప్పి ఉన్నప్పుడు డైరెక్టర్లకీ ఆఫీసర్లకీ కూడా ఉండాలని వాళ్ళ స్టాక్ ఆప్షన్ల మీద 15 శాతం ప్రత్యేక పన్ను వేసింది. మెడ్‌ట్రానిక్ లాంటి కంపెనీలు ఏం చేశాయంటే, ఆ పన్ను వాళ్ళ తరఫున కంపెనీ డబ్బుతోనే కట్టేశాయి. ఆ డబ్బు ఎవరిది, వాటాదారులదే. మినెసోటాలో వాటాదారులు కేసు వేస్తే 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, వాటాదారుల మీద పడిన పన్ను భారం వాళ్ళకి జరిగిన నష్టమే, దాని మీద వాళ్ళు నేరుగా పోరాడొచ్చు అని చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు ఒంగోలు ఆయన గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆయనకి దాని వల్ల ఒరిగేదేం లేదు, అయినా చెప్పాలనిపించింది.

కుర్చీ జరిపితే ఎక్కడా పన్ను మారదా అని మీరు అడగొచ్చు, మారుతుంది, దేశాన్ని బట్టి. షెల్ అనే ఆయిల్ కంపెనీ సంగతి చూడండి, 2005 నుంచి ఇంగ్లండ్‌లో రిజిస్టర్ అయిన కంపెనీయే కానీ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో కూర్చుని నడిపేవాళ్ళు, పన్నుకి డచ్ రెసిడెంట్. 2021 నవంబర్లో కుర్చీ, బోర్డు మీటింగులు లండన్‌కి మారుస్తాం అన్నారు, కాగితం కదల్లేదు, అయినా పన్ను దేశం మారిపోయింది, ఎందుకంటే అక్కడి చట్టంలో నడిపే చోటుకి లెక్క ఉంది. డివిడెండ్ మీద 15 శాతం డచ్ పన్ను కోత పోయింది, రాయల్ డచ్ అనే వందేళ్ళు దాటిన పేరు కూడా పోయింది. ఆ ఏడాది మే నెలలోనే హేగ్ కోర్టు కార్బన్ ఉద్గారాలు తగ్గించమని తీర్పిచ్చి ఉంది కాబట్టి అక్కడా రాజకీయంగా మంట పుట్టింది, వెళ్ళిపోయే కంపెనీల మీద పన్ను వేయాలని బిల్లు పెట్టారు. డిసెంబర్ ఓటింగ్‌లో మాత్రం 99 శాతానికి పైగా వాటాదారులు సరే అన్నారు. హాలిబర్టన్ చేసిన పనే షెల్ కూడా చేసింది, ఫలితం వేరు. మన ఇండియా కూడా ఆ వరసలోకే వచ్చింది, 2017 ఏప్రిల్ 1 నుంచి నిజంగా నిర్ణయాలు జరిగే చోటు ఇండియా అయితే సింగపూర్ కంపెనీ అయినా ఇక్కడి రెసిడెంటే, 50 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. మీ సిలబస్‌లో పీఓఈఎం (ప్లేస్ ఆఫ్ ఎఫెక్టివ్ మేనేజ్‌మెంట్) అని ఉంటుంది, దాని వెనక కథ ఇదే.

అందుకే మన స్టార్టప్‌లు తిరిగి రావడం కూడా ఇదే బొమ్మ, తిరగేసి చూడాలి అంతే. ఫోన్‌పే పుట్టింది బెంగళూరులో, పనిచేసేది ఇక్కడే, కాగితం సింగపూర్‌ది. 2022లో కాగితం ఇండియాకి మార్చుకుంటే వాటాదారులు, అందులో పెద్దది వాల్‌మార్ట్, సుమారు 8,000 కోట్లు పన్ను కట్టారు, ఎందుకంటే ఇక్కడ కూడా పాత షేరు వదిలి కొత్తది తీసుకోవడం అమ్మకం కిందే లెక్క. దేశానికి మంచిదే, నాకూ సంతోషమే. కానీ ఆ వార్తల్లో కూడా నేను వెతికింది ఉద్యోగుల సంగతే. మన కంపెనీల రూల్స్ ప్రకారం ఈసాప్, అంటే ఉద్యోగులకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇచ్చిన రోజుకీ, ఆ హక్కు నిజంగా చేతికొచ్చే (వెస్ట్ అయ్యే) రోజుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలి, కొత్త ఇండియా ప్లాన్ కింద మళ్ళీ ఇస్తే ఆ ఏడాది మొదటి నుంచి మొదలు. మీ స్నేహితులెవరైనా వెనక్కొచ్చే స్టార్టప్‌లో ఉంటే, రాజీనామా ఆలోచన ఉంటే, ముందు ఆ తేదీ కనుక్కోమనండి.

మీ బావగారికి చెప్పాల్సినవి. కంపెనీ షేర్లు 401కెలో ఉన్నాయా, బయట బ్రోకర్ ఖాతాలో ఉన్నాయా చూడమనండి, 401కెలో ఉంటే ఈ పన్ను పడదు, బయట ఉంటే పడొచ్చు. విలీనానికి ముందు వాటాదారులకి ఒక పెద్ద పుస్తకమంత డాక్యుమెంట్ పంపుతారు, వందల పేజీలు ఉంటుంది, మొత్తం అక్కర్లేదు, అమెరికా వాటాదారులకి పన్ను ప్రభావం అన్న సెక్షన్ ఒకటి, డైరెక్టర్లు, ఆఫీసర్లకి ఏం దక్కుతుంది అన్న సెక్షన్ ఒకటి, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. పన్ను పడేలా ఉంటే ఏ షేరు ఎప్పుడు ఎంతకి కొన్నారో కాగితాలు ఇప్పుడే తీసి పెట్టుకోవాలి, పదేళ్ళనాటివి బ్రోకర్ మారినప్పుడు చాలామందికి పోతాయి, కొన్న ధర చూపించలేకపోతే మొత్తం లాభమే అనుకుంటారు. ఓటు కూడా వేయమనండి, కొన్ని వందల షేర్లే అయినా సరే. ఇంకా డబ్బు పక్కన పెట్టుకోవడానికి డీల్ క్లోజ్ అయ్యే తేదీ ఏ ఏడాదిలో పడుతుందో చూసుకోవాలి, డిసెంబర్లో అయితే నాలుగు నెలల్లోనే కట్టాల్సి వస్తుంది, జనవరిలో అయితే ఏడాదికి పైగా టైముంటుంది. ఆ డాక్యుమెంట్ వచ్చాక ఆ రెండు సెక్షన్ల పేజీలు ఇక్కడ పెట్టండి, పేర్లు, నంబర్లు తీసేసి, నేను కూర్చుని చదివి చెప్తాను.